చేదు ఎండే నెల

ముందు నేలలో చిన్న గుంట తవ్వాలి.
గుంటలో మేకతోలు పరవాలి, నునుపు వైపు పైకి.
కోసిన కలబంద మట్టల్ని చుట్టూ పేర్చాలి,
తెగిన మొదళ్ళు లోపలికి చూసేలా,
ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్న పిల్లల్లా.
ఆపైన పని మనది కాదు, బరువుది.

మా అవ్వ గాలియా పద్ధతి ఇంతే.
పిండకూడదు. పిండితే జిగురొస్తుంది.
జిగురు వేరు, చేదు వేరు.
తొక్క కింది పసుపు గీతలో చేదు,
నడుమ నీళ్ళగుజ్జులో చలవ.
కాలిన చేతికి గుజ్జు, కదలని కడుపుకి చేదు.
ఒకే మట్టలో రెండు కాపురాలు,
మధ్యగోడ గోరంత మందం.

గాలి లేవకముందే రసం ఎండాలి.
జూన్ వస్తే సొకోత్రా చుట్టూ సముద్రం తలుపేసుకుంటుంది,
డిక్సం మిట్టమీద మేకలు
రాళ్ళ వెనక ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి.
నాలుగు నెలలు పడవ లేదు.
అందుకే ముందే, నెల్లాళ్ళ ఎండలో,
తోలుసంచిలో నల్లబడి
వెలుతురుకి పట్టుకుంటే తేనెరంగులో
గాజులా పగిలేదాకా.

ముకల్లా నుంచి వచ్చే వర్తకుడు బావజీర్
ఒక పలుకు నాలికమీద వేసుకుని, మొహం చిట్లించి,
బేరం దించడానికి నీతులు విప్పుతాడు:
"అవతలి రేవుల్లో దీన్ని ముసాంబరం అంటారు తల్లీ.
మా అరబ్బీలో దీని పేరూ ఓర్పు పేరూ
ఒకే వేరులోంచి మొలిచాయి. చేదు మింగినవాడే..."
అవ్వ తక్కెడ మీంచి కళ్ళెత్తదు.
"మా మాటలో తయిఫ్.
తయిఫ్ అంటే తయిఫే.
ఓర్పు నీ దగ్గర అంతుంటే ఇంకో రోజు కూర్చో.
ధర మాత్రం ఇదే."

హదీబో ఆసుపత్రిలో నర్సు వహీబా
మందుచీటీ వెనక పేగు బొమ్మ గీసింది.
"కడుపులో ఇదేమీ చెయ్యదు. చిన్నపేగు దాటేదాకా
మూట విప్పని బాటసారి.
పెద్దపేగులో సూక్ష్మజీవులుంటాయి,
అవి దీని చక్కెర కొరికేస్తాయి, అప్పుడు లేస్తుంది.
పేగుగోడ నీళ్ళు పీల్చుకోవడం తగ్గిస్తుంది,
కండరం ముడుచుకుంటుంది.
అందుకే రాత్రి వేసుకుంటే తెల్లారి పని."
"పడుకోబోయే ముందు, మిరియమంత.
మా అమ్మ చెప్పిందీ అదే," అంది అవ్వ,
"ఆ పురుగుల సంగతే చెప్పలేదు."
వహీబా నవ్వి, పెన్ను మూత పెడుతూ,
"కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రం ఇవ్వకండి.
పేగొక్కటే ముడుచుకోదు" అంది.

అవ్వ ఈసారి జవాబు వెతకలేదు.
దారి పొడుగునా చెప్పులో రాయి ఉన్నట్టు నడిచింది.
మా పిన్ని సలూమా ఒకతె ఉండేది,
పడవలు లేని నెలల్లో పోయింది.
ఆ ముద్ద ఎంతో, ఎవరు నూరారో
మా ఇంట్లో ఎవరూ అడగలేదు.
ఆ ఏడు సంచి అమ్మలేదని మాత్రం విన్నాను.

నా కొడుక్కి రెండేళ్ళు దాటాయి.
అవ్వ ఒక పలుకు తీసి రాతిమీద తడిచేత్తో రుద్దింది.
కొలత రెండుసార్లు చూసింది,
సగం గీకి పారేసింది.
"రాసుకో. ఒక్క చుక్క. మింగేంత వద్దు."
ముందు నా వేలు నేనే నాకాను.
చెవుల దాకా చేదు.

వాడొచ్చాడు, ఎప్పటిలాగే
పైటలోకి తల దూర్చి.
ఉలిక్కిపడ్డాడు.
ఏడుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను.
రొమ్ముమీది పసుపు మరకని చూశాడు, నన్ను చూశాడు.
గొర్రు గీరుకున్న మేకపిల్లకి
నిన్న మేం రాసింది ఇదే రంగు.

వంగి మెల్లిగా ఊదాడు.
ఉఫ్.
చొక్కా అంచుతో పక్కలు తుడిచాడు,
పుండు తగలకుండా తుడిచినట్టు.

ఇవాళ్టికి ఆరో రోజు. పాలడగడు.
దీపం వెలిగించే వేళకి వచ్చి
నా మోకాలు పట్టుకుని నిలబడతాడు.
"తగ్గిందా?"
ఇంకా లేదు నాన్నా, అంటాను.